మామ్మ మంచం ఏరియల్

ఆ రోజుల్లో మా వీధిలో ఏ ఇంటి పరువు ఎంతో తెలుసుకోవాలంటే లోపలికి వెళ్ళక్కర్లేదు, తలెత్తి చూస్తే చాలు. ఇంటి వెనక ఒక కొబ్బరి చెట్టు నుంచి ఇంకో కొబ్బరి చెట్టుకి కట్టిన రాగి తీగ ఎంత పొడుగుంటే ఆ ఇంటి రేడియో అంత గొప్పదన్నమాట. దింపు తీయడానికి వచ్చిన మనిషి కాయలు కోసి, చెట్టు దిగే ముందు ఏరియల్ ముడి ఒకసారి బిగించి దిగడం మా వైపు మర్యాద. మా నాన్నగారి ఏరియల్ మూడు చెట్లు దాటి, పశువుల పాక మీంచి పెరటి గుమ్మం దాకా వచ్చేది. దాని మీద కాకి వాలితే చాలు, ఆయన వార్తలు వదిలేసి కండువా విసురుకుంటూ పెరట్లోకి పరుగెత్తేవారు. తీగ ఎంత సాగితే మాట అంత బాగా వస్తుందని ఆయన నమ్మకం. ఊరందరి నమ్మకమూ అదే. ఇప్పుడు నా సెల్‌ఫోన్‌లో నాలుగైదు ఏరియళ్ళు గోరంత జాగాలో ఎక్కడో దాక్కుని పనిచేసుకుంటున్నాయని తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. (నవ్వు వాటిని చూసి కాదు. చిన్న ఏరియల్ అనే వస్తువుని కోనసీమకి నేనే పరిచయం చేస్తున్నానని ఇరవయ్యేళ్ళ వయసులో నమ్మిన నన్ను చూసి.)

అప్పట్లో నేను అమలాపురంలో బీఎస్సీ చదువుతున్నాను. ముక్తేశ్వరం దాటాక కాలవ గట్టు మీద మా ఊరు. రోజూ బస్సులో వెళ్ళి రావడం. కాలేజీ లైబ్రరీలో ఒకరోజు అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం దొరికింది. రేడియో పుట్టిన కొత్తలో ఏరియళ్ళు ఎలా ఉండేవో అందులో ఒక అధ్యాయం ఉంది. మొదట్లో వాళ్ళూ మా నాన్నగారి లాంటివాళ్ళేనట. గాలిపటాలకి తీగలు కట్టి ఎగరేశారు, ఆకాశమంత స్తంభాలు పాతారు. ఆ తరవాత ఎవరికో తోచింది, తీగని ఊరవతల దాకా సాగదీసే బదులు ఒక చెక్క చట్రానికి వరసగా చుట్టేస్తే ఎలా ఉంటుందని. చుట్టి చూస్తే ఇంట్లో ఒక గదిలో పట్టింది, రేడియో కూడా పలికింది. వింత ఏమిటంటే, ఆ చట్రానికి దిక్కులు తెలిసేవి. దాని అంచు ఏ దిక్కుకి పెడితే ఆ దిక్కు నుంచి వచ్చే మాట వింటుంది. ముఖం ఏ దిక్కుకి పెడితే ఆ దిక్కు మాట అస్సలు వినదు. (ఇది చదవగానే నాకు నాన్నగారే గుర్తొచ్చారు. ఎదురుగా నిలబడి ఏదైనా అడిగితే వినబడదు. పక్క గదిలో మేం మెల్లిగా అనుకున్నది మాత్రం ఒక్క ముక్క పోకుండా వినబడుతుంది.) ఓడలవాళ్ళు ఆ చట్రాన్ని తిప్పి తిప్పి, మాట ఎటు తిప్పినప్పుడు ఆగిపోయిందో చూసుకుని, తీరం ఏ వైపుందో కనిపెట్టేవారట. చివరికి ఆ చట్రం కుంచించుకుపోయి, మన ట్రాన్సిస్టర్ డబ్బాలో సుద్దముక్క లాంటి నల్లకడ్డీ అయి కూర్చుంది. ఇదంతా చదివి ఉండబట్టలేక ఆ సాయంత్రం బస్సు కండక్టరుకి కూడా చెప్పాను. ఆయన "ఆయ్, అలాగాండి" అని టిక్కెట్టు చింపిచ్చి ముందుకెళ్ళిపోయాడు.

ఆ చదువు ఆ పుస్తకంలోనే ఉండిపోయేది, మా అత్తయ్య లేకపోతే. అత్తయ్య అంటే నాన్నగారి చెల్లెలు. కొత్తపేటలో బడిలో టీచరు. చిన్నప్పుడు ఆవిడ సంగీతం నేర్చుకుంటుంటే, వీధిలో పోయేవాళ్ళు ఆగి వింటున్నారని మా మామ్మ పాఠం మాన్పించేసింది. అత్తయ్య పాఠం మానింది గానీ పాట మానలేదు. పాట పెరట్లోకి మారింది, నూతి గట్టు దగ్గరికి మారింది, ఎవరూ లేనప్పుడు వంటింట్లోకి వచ్చేది. మామ్మకి చెవులు మందగించాక "అమ్మకి ఎలాగూ వినబడదులే" అని ధైర్యంగా హాల్లో కూర్చుని పాడుకునేది. ఆ ధైర్యమే ఆవిడ బెంగ కూడా. అలాంటి మనిషి రేడియోవాళ్ళ పరీక్షకి ఇంట్లో చెప్పకుండా వెళ్ళి, రెండుసార్లు తప్పి, మూడోసారి నెగ్గింది. బెజవాడ వెళ్ళి ఒక లలితగీతం పాడి వచ్చింది. ఫలానా శుక్రవారం పొద్దున్న ఎనిమిదింపావుకి ప్రసారమవుతుందని కార్డొచ్చింది. ఆ ఒక్కసారే. మళ్ళీ ఎప్పుడు వేస్తారో, అసలు వేస్తారో లేదో తెలియదు. పట్టి ఉంచుకోవడానికి మా వీధిలో టేపు రికార్డరు ఎవరికీ లేదు. ఆ ఆదివారం గోంగూర ఆకు తుంచుతూ అత్తయ్య నాతో అంది, "ఊరంతా వినక్కర్లేదే. అమ్మ ఒక్కత్తీ వింటే చాలు. విని తిట్టినా పరవాలేదు." ఆ మాట అంటూ కాడలు గిన్నెలో వేసి, ఆకులు బయట పారేసింది.

మామ్మకి వినబడాలంటే రేడియో పూర్తిగా పెంచి, ఆవిడ చెవి దానికి ఆనించాలి. పెంచితే పాటకన్నా ముందు పిండిమర వినబడేది. మా వీధి పడమటి కొసని ఉండేది ఆ మర. పొద్దున్న ఏడింటికి అక్కడ మోటారు తిరగడం మొదలైతే వీధిలో రేడియోలన్నీ బర్రుమని ఒకటే గోల. నాన్నగారి మూడు చెట్ల ఏరియల్ ఆ గోలని అందరికన్నా బాగా పట్టేది. ఓ పావుగంట మర ఆపమని అడిగితే పోలేదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ మర యజమానికీ నాన్నగారికీ ఆరేళ్ళుగా మాటల్లేవు. ఆయన్ని మేం మర బాబాయిగారు అనేవాళ్ళం. కనురెప్పల దాకా పిండి అంటుకుని ఉండేది. వాళ్ళ పెరడూ మా తోటా పక్కపక్కనే. మా గట్టు మీద పుట్టిన కొబ్బరి చెట్టు ఒకటి వంగి వంగి తల తీసుకెళ్ళి వాళ్ళ వంటింటి మీద పెట్టింది. ఒకసారి కాయ పడి పెంకులు పగిలాయి. చెట్టు కొట్టేయమని ఆయన అన్నారు. పెంకులు వేయిస్తాను గానీ కాపు చెట్టు కొట్టనని ఈయన అన్నారు. అంతే, అక్కడితో మాటలు ఆగిపోయాయి. నాన్నగారి దగ్గర నేను మర మాట ఎత్తితే, "ఆయన గుమ్మం ఎక్కి బతిమాలమంటావా? వినబడితే వింటాం, లేపోతే లేదు" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. నేను వెళ్ళి అడుగుతానంటే ఆ పేపరు వెనక నుంచే "ఊఁహూఁ" అన్నారు.

అప్పుడు వెలిగింది నా బుర్రలో, ఓడలవాళ్ళ చట్రం. ముఖం ఏ దిక్కుకి పెడితే ఆ దిక్కు గోల వినని ఏరియల్. ముఖాన్ని మర వైపు తిప్పి పెట్టేస్తే సరి, మర దాని మానాన అది తిరుగుతుంది, అత్తయ్య దాని మానాన పాడుతుంది, నాన్నగారు ఎవరి గుమ్మమూ ఎక్కక్కర్లేదు. ఇక కావలసింది పెద్ద చెక్క చట్రం. ఇల్లంతా వెతికితే నాకు తగిన చట్రం ఒక్కటే కనబడింది, మామ్మ పడుకునే టేకు పట్టెమంచం. దాని చుట్టూ తీగ చుట్టి నిలబెడితే, పుస్తకంలో బొమ్మకన్నా పెద్దదే అవుతుంది. మామ్మ చెవి దగ్గర నోరు పెట్టి, "నీ కూతురి పాట కోసం నీ మంచం కావాలే" అని అరిచాను. మామ్మ మంచం వైపు చూసి, "మంచం పాడుద్దా?" అంది. "పాడదు, వింటుంది" అన్నాను. "నాకన్నా నయం. పట్టుకెళ్ళు" అని చాప పరిపించుకుంది. నేను నవారంతా విప్పేసి చుట్ట చుట్టాను. నల్లులు తీగలోకి ఎక్కితే ప్రసారం పాడవుతుందేమోనని (ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నా సొంత శాస్త్రం) చట్రాన్ని నూతి దగ్గర కుంకుడు రసంతో కడిగి ఆరబెట్టాను. అమలాపురంలో మోటార్లు బాగుచేసే కొట్టు నుంచి రాగి తీగ తెచ్చాను. మూలన పడున్న పాత రేడియోలోంచి కండెన్సరు పీకాను. మంచాన్ని పొడుగు పట్టె మీద నిలబెట్టి, చుట్టూ ఆరు చుట్లు చుట్టి, ఎదురుగా స్టూలు మీద మా ట్రాన్సిస్టర్ పెట్టాను. మంచం కోళ్ళు నాలుగూ రెండేసి చొప్పున అడ్డంగా పొడుచుకుని ఉండడం వల్ల చూడ్డానికి కొంచెం భయంగానే ఉండేది.

గురువారం సాయంత్రం నాలుగింటికి పరీక్ష పెట్టాను. మర జోరుగా తిరుగుతోంది. ఆ వేళప్పుడు బెజవాడ నుంచి ప్రసారం ఉండదు గనక రేడియోలో బర్రు తప్ప ఇంకేం లేదు. మంచాన్ని అంగుళం అంగుళం జరుపుకుంటూ దాని ముఖాన్ని పడమటికి తిప్పేసరికి ఆ బర్రు చటుక్కున పోయింది. మళ్ళీ జరిపితే వచ్చింది, మళ్ళీ తిప్పితే పోయింది. ఎవరో చెవిలో దూది పెట్టినంత నిశ్శబ్దం. నేను పెరట్లోకి పరుగెత్తి మామ్మని పట్టుకుని గిరగిరా తిప్పేశాను. అప్పుడే కొత్తపేట నుంచి దిగిన అత్తయ్య చేతిసంచీ కూడా కింద పెట్టకుండా, "నిజంగా వింటుందంటావా అమ్మ?" అని మూడుసార్లు అడిగింది. "రేపు ఎనిమిదింపావుకి చూసుకో" అన్నాను. నాన్నగారు మంచాన్ని చుట్టూ తిరిగి చూసి, "మూడు చెట్లు చేయలేని పని ఈ మంచం చేస్తుందా" అన్నారు. కానీ ఆ రాత్రి భోజనాల దగ్గర నాకు ఒక అప్పడం ఎక్కువ వేయించారు.

శుక్రవారం పొద్దున్నే తలంటుకున్నాను. శుభమా అని అత్తయ్య పాట వస్తుంటే నూనె జడతో కూర్చుంటే ఏం బాగుంటుంది. కుంకుడు రసం కళ్ళలో పడి రెండు కళ్ళూ ఎర్రబడిపోయాయి. జుట్టు ఆరక విరబోసుకునే ఉన్నాను. మంచాన్ని హాల్లో తిప్పుతుంటే కోళ్ళు గోడలకి తగులుతున్నాయని, మోసుకొచ్చి వీధి అరుగు మీద నిలబెట్టాను. నాన్నగారు పొలానికి నీళ్ళ వంతు చూసుకుని ఎనిమిదింటికల్లా వచ్చేస్తానని సైకిలెక్కి వెళ్ళారు. మామ్మ దేవుడి గదిలో ఉంది. అత్తయ్య తన గొంతు తాను వినలేనని రెండు చెవుల్లో దూది కుక్కుకుని వంటింట్లో పెసరపిండి రుబ్బుతోంది. అరుగు మీద నేనూ, మంచమూ, రేడియో. ఎదురింటి పిన్నిగారు పాలచెంబుతో గుమ్మంలోకి వచ్చి మంచం వైపు చూశారు, నా వైపు చూశారు, నోటి మీద చెయ్యేసుకుని అలా నిలబడిపోయారు. సైన్సు అంటే తెలియనివాళ్ళు కూడా ఇలా చేష్టలుడిగిపోతారన్నమాట అని లోపల్లోపల మురిసిపోయాను. ఆవిడ చెంబు అక్కడే పెట్టేసి పక్కింట్లోకి వెళ్ళారు. (మా వైపు ఒక ఆచారం ఉంది. ఇంట్లో మనిషి పోతే, ఆ మనిషి పడుకున్న మంచానికి నవారు విప్పేసి, చట్రాన్ని కడిగి వీధి అరుగు మీద నిలబెడతారు. ఆ సంగతి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఆ పొద్దున్న మాత్రం నా బుర్రలో ఓడలూ గాలిపటాలూ తప్ప ఇంకేం లేవు.)

ఎనిమిది కావస్తుండగా రేడియో పెట్టాను. బెజవాడ వచ్చింది, మరా వచ్చింది. నిన్నటి లాగే మంచం ముఖాన్ని పడమటికి తిప్పాను. మర పోయింది. బెజవాడ కూడా పోయింది. ఇదేమిటని అంచుని పడమటికి తిప్పాను. బెజవాడ వచ్చింది, దాంతో పాటు మరా వచ్చింది. ఏటవాలుగా పెట్టాను, ఇద్దరూ సగం సగం వచ్చారు. ఎలా తిప్పినా ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వస్తున్నారు, చెయ్యీ చెయ్యీ పట్టుకుని పోతున్నారు. నాకు చెమటలు పట్టాయి. అటు జరుపు, ఇటు జరుపు, కండెన్సరు తిప్పు, మళ్ళీ జరుపు. గడియారం ఎనిమిదీ పది. వంటింట్లో రుబ్బురోలు చప్పుడు ఆగిపోయింది. చెవుల్లో దూది ఉన్నా, ఆవిడ కళ్ళు గడియారం మీదే ఉన్నాయని నాకు తెలుసు. నాకు నిజంగానే ఏడుపొచ్చేసింది. ఎర్రటి కళ్ళు, విరబోసిన జుట్టు, మంచం పట్టె పట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్న ఆడపిల్ల. ఇక వీధిలోవాళ్ళకి అనుమానం ఎందుకుంటుంది?

తలెత్తి చూస్తే అరుగు కింద జనం. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఒకవైపు, మగవాళ్ళు కండువాలు చేతిలో పట్టుకుని ఒకవైపు. అత్తయ్య పాట సంగతి అందరికీ తెలిసిపోయి వినడానికి వచ్చారనుకున్నాను. ఇంతమంది ముందు పరువు పోతుందే అని ఇంకాస్త ఏడుపొచ్చింది. ఎనిమిదింపావు అయింది. ఆఖరిసారి అని మంచాన్ని రెండు చేతులతో పట్టుకుని ఇంత, అంటే గోరంత, జరిపాను. బర్రు చప్పుడు ఠక్కున ఆగిపోయింది. బెజవాడ మాత్రం ఆగలేదు. నూతిలో నీళ్ళంత తేటగా ఒక గొంతు అత్తయ్య పేరు చెప్పింది. "ఎవరూ కదలకండి" అని అరిచాను. ఎవరూ కదలలేదు. పాట మొదలైంది.

సరిగ్గా అప్పుడే మామ్మ దేవుడి గదిలోంచి, నుదుటి మీద కుంకుమా గంధం పెట్టుకుని, చేతిలో కొబ్బరిచెక్కతో అరుగు మీదికి వచ్చింది. జనంలో ఒక్కసారిగా ఊపిరి పీల్చిన చప్పుడు. ఎదురింటి పిన్నిగారు ఉన్న చోటే చతికిలబడ్డారు. మామ్మ ఆ జనాన్నంతా చూసి, కూతురి పాట వినడానికి వచ్చారనుకుని ఎంత సంబరపడిందో. "నిలబడ్డారేంటర్రా, కూచోండి, కూచోండి" అని చేత్తో సైగ చేసి, స్టూలు పక్కన కూర్చుని చెవి రేడియోకి ఆనించింది. పోయిన మనిషే స్వయంగా వచ్చి కూచోమంటే ఎవరు మాత్రం కాదంటారు? అందరూ కూర్చున్నారు. ఆ పాట మా వీధిలో నలభై మంది ఊపిరి బిగబట్టి విన్నారు. మామ్మ కళ్ళు మూసుకుంది. ఆవిడ చూపుడువేలు మోకాలి మీద తాళం వేస్తోంది. ఆవిడకి తాళం తెలుసునని నాకు అప్పటిదాకా తెలియదు.

రెండో చరణం నడుస్తుండగా వీధి మలుపులో నాన్నగారి సైకిలు కనబడింది. ఆయన ముందు జనాన్ని చూశారు, తరవాత అరుగు మీద నిలబెట్టిన మంచాన్ని చూశారు. తాను ముందు రోజు స్వయంగా చుట్టూ తిరిగి చూసిన మంచమేనన్న సంగతి ఆ క్షణాన ఆయనకి గుర్తులేదు. సైకిలు ఒక పక్క పడింది, ఆయన ఒక పక్క పడ్డారు. రోడ్డు మధ్య కూలబడిపోయి "అమ్మా" అని నోరు తెరిచేలోపు, జనం చివర నిలబడిన మర బాబాయిగారు పరుగున వెళ్ళి ఆ నోటి మీద పిండి చెయ్యి పెట్టేశారు. "మాటాడకండి అన్నయ్యగారూ, పెద్దావిడ బానే ఉన్నారు. అదిగో, చెల్లెమ్మ పాడతన్నారు" అన్నారు చెవిలో. ఆరేళ్ళ తరవాత ఆ ఇద్దరి మధ్య నడిచిన మొదటి మాట అది. నాన్నగారు పిండి మీసాలతో, బాబాయిగారి భుజం పట్టుకుని, మిగతా పాటంతా ఆ రోడ్డు మధ్యే కూర్చుని విన్నారు.

పాట అయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. మామ్మ చెవి తీసి, వంటింటి గుమ్మంలో దూది చేతిలో పట్టుకుని నిలబడిన అత్తయ్య వైపు చూసింది. "రెండో చరణంలో ఊపిరి చాల్లేదే. ఏవన్నా తిని పాడేవా?" అంది. అత్తయ్య చిన్నపిల్లలా దగ్గరికొచ్చి, మామ్మ చెవి దగ్గర వంగి, "ఆయ్, హోటల్లో ఉప్మా తిన్నానమ్మా" అంది. "పాడేముందు తింటారా ఎవరైనా? పాఠం మధ్యలో మాన్పించేసేను, నీకెవరు చెబుతారులే" అని మామ్మ లేచి, చేతిలో కొబ్బరిచెక్క కూతురి నోట్లో పెట్టింది. అత్తయ్య నవ్వుతూ ఏడుస్తూ ఆ కొబ్బరి నమలలేక నానా అవస్థా పడింది. తప్పు పట్టేంత శ్రద్ధగా అమ్మ విందన్న సంతోషం అంతా ఇంతా కాదు.

ఆ తరవాత పిన్నిగారు నెమ్మదిగా అసలు విషయం బయటపెట్టారు. "మంచం చూసి మీరు పోయేరనుకున్నావండీ" అన్నారు మామ్మ చెవిలో. నేనైతే అరుగు కింద దూరిపోదామనుకున్నాను. మామ్మ మాత్రం ఒక్క నిమిషం జనాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా పరకాయించి చూసి, "ఇంతమంది వచ్చేరా నాకోసం?" అంది. ఆ వెంటనే, "చెరువుగట్టు వదిన రాలేదేం? ఆవిడకి నేనెన్ని పురుళ్ళకి వెళ్ళేను" అని కోపం తెచ్చుకుంది. అత్తయ్య రుబ్బిన పిండంతా పెసరట్లై అందరికీ అందింది. నా ఏరియల్‌ని చూసినవాళ్ళు చూస్తూనే ఉన్నారు, నేను చెప్పిందే చెబుతున్నాను. "చూశారా, ముఖం మర వైపు పెట్టాను, మర వినబడలేదు" అని అందరి కన్నా ఎక్కువగా చెప్పింది మర బాబాయిగారికే. ఆయన అట్టు తింటూ, "ఆయ్, ఆయ్" అని బుద్ధిగా తలూపారు. ఆ మధ్యాహ్నమే మామ్మ నా తీగలన్నీ విప్పించి, మంచానికి నవారు అల్లించుకుని, దిష్టి తీయించుకుని పడుకుంది. ఆ మంచం మీదే ఇంకో పదకొండేళ్ళు హాయిగా పడుకుంది. వంగిన కొబ్బరి చెట్టుకి నాన్నగారూ బాబాయిగారూ కలిసి కింద వల కట్టించారు. వలలో పడ్డ కాయ ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకునేవారు.

నేను ఎమ్మెస్సీ చదివి, అమలాపురంలోనే ఫిజిక్సు చెప్పడానికి చేరాను. ఏరియళ్ళ పాఠం వచ్చిన ప్రతి ఏడూ ఈ కథ చెప్పాను. బోర్డు మీద మా వీధి గీస్తాను, మా అరుగు గీస్తాను, పడమట బెజవాడ అని రాసి బాణం గుర్తు పెడతాను, దక్షిణాన మర గీస్తాను, మంచం ముఖం దక్షిణానికి తిప్పుతాను. మర ఆగిపోతుంది, పాట వస్తుంది, పిల్లలు నవ్వుతారు, పాఠం గుర్తుంటుంది. ముప్పయ్యేళ్ళు ఇలా జరిగింది. రిటైరవడానికి ఇక కొద్ది నెలలు ఉందనగా, ఈ ఏడు వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది. "మేడమ్, మాదీ మీ ఊరేనండి. పిండిమర ఉండేది పడమటి కొసని కదాండీ?" అంది. సుద్దముక్క నా చేతిలో ఆగిపోయింది. మర పడమర. బెజవాడా పడమరే. ఒకే దిక్కు నుంచి వచ్చే ఇద్దరిలో ఒకరి మాట విని ఇంకొకరిది వినకుండా ఉండడం ఏ చట్రానికీ సాధ్యం కాదు. అది మొదటి పాఠం. ఆ పొద్దున్న ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వచ్చినప్పుడే నాకు తెలియవలసింది. నా కథ చక్కగా నడవడం కోసం మోటారుతో సహా మరని ఎత్తి ముప్పయ్యేళ్ళుగా దక్షిణాన పెట్టి తిప్పుతున్నాను, అదీ నాకు తెలియకుండానే. "రేపు చెబుతానమ్మా" అని క్లాసు వదిలేశాను. (నా ఉద్యోగంలో బెల్లు కొట్టకముందు వదిలిన క్లాసు అదొక్కటే.)

ఆ సాయంత్రమే ఊరెళ్ళాను. మర ఎప్పుడో తీసేశారు, ఆ షెడ్డులో ఇప్పుడు కొబ్బరి పీచు మోపులు ఉన్నాయి. బాబాయిగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇప్పుడు కనురెప్పలు నిజంగానే తెల్లబడ్డాయి. కాఫీ ఇచ్చాక అడిగాను, "బాబాయిగారూ, ఆ రోజు అత్తయ్య పాటప్పుడు మర తిరుగుతోందా?"

ఆయన గ్లాసు కింద పెట్టి నవ్వారు. "ఆపేసేనండి అమ్మాయిగారూ. ఎదురింటావిడ వచ్చి, మామ్మగారు పోయేరు, మంచం అరుగు మీద పెట్టేసేరని చెప్పేరు. వీధిలో పెద్దావిడ పోతే మర తిప్పుతావాండీ? నేను ఆపి రమ్మని మా మనిషితో చెప్పి వచ్చేను. ఆడు గోనెలు సర్దుకుని ఆపేసరికి ఎనిమిదింపావైందంట."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంటండీ?"

"ఎలా చెప్తానండీ? మీరు ఆ మంచం పట్టుకుని ఎంత సంబరంగా చెప్తన్నారు. మీ నాన్నగారేమో వచ్చినోళ్ళందరికీ, మా అమ్మాయి మరని నోరు మూయించిందని చెప్పుకునేవోరు. ఆయన మొహంలో ఆ వెలుగు చూసేక నోరు రాలేదండి." నా ముఖం చూసి, ఓదారుస్తున్నట్టు అన్నారు, "అయినా మీరన్నదాంట్లో తప్పేం లేదు కదాండీ. మీరు మంచం నిలబెట్టబట్టే కదా మర ఆగింది."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ముక్తేశ్వరం దాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను. పక్కనావిడ ఒకటి రెండుసార్లు నా వైపు అనుమానంగా చూసి కొంచెం జరిగి కూర్చుంది. మర్నాడు క్లాసులో బోర్డు మీద మర బొమ్మని చెరిపేసి, దానికి తగిన చోట, పడమటి కొసని గీశాను. మంచం ముఖం ఎటు తిప్పినా ఆ చప్పుడు ఎందుకు పోదో లెక్క వేసి చూపించాను. "మరి ఎలా పోయిందండీ?" అన్నారు పిల్లలు. మర పక్కన మీట మీద చెయ్యేసి నిలబడిన ఒక మనిషిని గీశాను. అరుగు మీద మంచం పక్కన, జుట్టు విరబోసుకుని, గెలిచానని నమ్మి నవ్వుతున్న ఒక పిల్లని కూడా గీశాను. గంట కొట్టాక బోర్డంతా తుడిచాను గానీ, ఆ పిల్ల దగ్గరికి వచ్చేసరికి డస్టరు పక్కన పెట్టేసి బయటికి వచ్చేశాను.